మైంతీ దేవి ఎవలు?

మా ఆయన నన్ను పేరు పెట్టి ఒక్కనాడు పిలువలే. "ఇగో" అనేటోడు, "ఇంటున్నవా" అనేటోడు, మరీ ప్రేమ పొంగితే "ఓ పిల్లా" అనేటోడు, గంతే. నేను జర దూరం ఉంటే తువ్వాల దులిపి సప్పుడు చేస్తుండె, ఆ సప్పుడుకు నేను మర్లి చూడాలె. నాకు ఒళ్లు మండేది. నా పేరు మంచి పేరు, మా బాపు ఏరి కోరి పెట్టిండు. "ఏం, పేరు పెట్టి పిలిస్తే నోరు అరుగుతదా?" అని ఒకసారి అడిగిన. తల కిందికేసుకొని నవ్విండు.

మరి నేను ఆయన పేరు తీస్తుంటినా అంటే, రామ రామ, మొగని పేరు తీసే ఆడిది అప్పుడు మా దిక్కు ఎక్కడున్నది! ఆయన పేరుల ఒక దేవుని పేరు ఉండె. ఆ దేవునికి మొక్కేటప్పుడు సుత "గా గుట్ట మీది సామీ" అని మొక్కేదాన్ని. దేవునికి అర్థం అయితుండె కావచ్చు.

నా తల్లిగారిల్లు సుల్తానాబాద్ దిక్కు. పోలీసు యాక్షన్ అయినంక మా బడిల ఉర్దూ పోయి తెలుగు వచ్చింది, అప్పుడు నన్ను బాపు బడికి తోలిండు. ఏడో తరగతి పాసైన. మా వాడకట్టుల ఏడు చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే, ఆ గర్వం నాకు ఇంకా పోలే. పెండ్లి చేసి చొప్పదండి దిక్కు ఒక ఊరికి ఇచ్చిండ్రు. ఆయన చదివింది మూడో తరగతి. "నాకంటె నాలుగు మెట్లు పైనున్నది" అని దోస్తుల కాడ చెప్పుకునేటోడట, నా ముంగట మాత్రం ఆ మాట సుత అనలే.

చైనా లడాయి అయిన మరుసటేడు కరీంనగర్‌ల ఫౌజుకు భర్తీ పెట్టిండ్రు. ఆయన ఇంట్ల ఎవలికి చెప్పకుంట పోయి, వరుసల నిలవడి, ఛాతి కొలిపించుకొని వచ్చి, తెల్లారి "నేను పోతున్న" అన్నడు. మా అత్త మూడు దినాలు అన్నం ముట్టలే. నేను ఏడ్వలే. కోపం ఎక్కువైతే నాకు ఏడుపు రాదు, అది నా గుణం. బస్సు ఎక్కేటప్పుడు ఆయన నా దిక్కు చూసి తువ్వాల దులిపిండు. నేను మొకం తిప్పుకున్న. ఎందుకు తిప్పుకున్ననో అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్ననో లెక్క లేదు.

నెలకొక కార్డు వచ్చేది, మా అత్త పేరు మీద. "అవ్వకు దండాలు. నేను మంచిగున్న. ఇంటికాడ అందరిని అడిగిన్నని చెప్పవలె." నేనే చదివి వినిపిస్తుంటి. ఆ 'అందరి'ల నేను సుత ఒకదాన్ని. అత్త నవ్వేది, "ఇగో బిడ్డా, నిన్ను సుత అడిగిండు తియ్యి" అని. రెండుసార్లు సెలవుకు వచ్చిపోయిండు. మూడోసారి వస్తనన్నప్పుడు తారు, అదే టెలిగ్రాం, వచ్చింది. మంచు కొండలల్ల రోడ్డు వేసేకాడ కొండచరియ విరిగి మీద పడ్డదట. మనిషిని తేలే, అక్కడనే దహనం చేసిండ్రు. ఆయన పెట్టె ఒకటి వచ్చింది, అండ్ల రెండు జతల ఖాకీ బట్టలు, ఒక ఉన్ని బనీను, గడ్డం గీసుకునే సామాను. ఆ దినాల గురించి నేను ఎక్కువ చెప్పను. చెప్పే బలం ఇప్పటికి సుత లేదు.

ఆయన పోయిన ఆరేడు నెలలకు, ఒకనాడు పొద్దుగాల మా ఊరికి టపా తెచ్చే ఆయన వాకిట్ల నిలవడి లిఫాఫను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుండు.

"ఓ అవ్వా, మీ ఇంట్ల దేవి ఎవలు?"

"మా ఇంట్ల దేవి ఎక్కడిది కొడుకా, ఎల్లమ్మ తల్లి పటం ఉన్నది గోడకు" అన్నది మా అత్త.

"పటానికి ఉత్తరం వస్తదా! ఫౌజు దఫ్తరుకాడి నుంచి వచ్చింది. మైంతీ దేవి అని రాసున్నది. మైంతీ దేవి ఎవలు?"

ఆ పేరు మేము ఎన్నడు విన్నది కాదు. ఆ పేరుగల మనిషి మా ఊర్లనే కాదు, చుట్టుపక్క పది ఊర్లల్ల లేదు. టపా ఆయన వాపసు తీసుకపోదమనే అనుకున్నడు, గని కింద మా ఆయన పేరు ఉన్నది, ఫౌజు నెంబరు ఉన్నది, ఊరి పేరు మాదే. విప్పి, ఇంగ్లీషును కూడబలుక్కుంట చదివిండు. స్వర్గస్థుడైన సిపాయి ఫలానాయన భార్య మైంతీ దేవికి పింఛను కోసం కాగితాలు నింపి, జిల్లా కచ్చేరిల తస్దీకు చేయించి, అంటే నిజమేనని ముద్ర వేయించి పంపాలె. చదివి, నా మొకం చూసి, ఇగ చూడలేక సైకిలెక్కి పోయిండు.

భార్య మైంతీ దేవి!

మా తోటికోడలు, అంటే మా బావ పెండ్లాం, అప్పుడే చాటల బియ్యం చెరుగుతుండె. చాట ఆపి, "దేవి అనేది మన దిక్కు పేరు కాదు, ఉత్తరాది ఆడోళ్ల పేరు. పాపం, అంత దూరం పోయినోడు ఒక్కడే ఉంటడా?" అన్నది. ఆ 'పాపం' వింటే నాకు చాట గుంజి నెత్తిమీద కొట్టాలనిపించింది. పొద్దు గూకేటాలకు ఊరంత తెలిసింది. బాయికాడికి పోతే, "ఏమైందే, వచ్చిందా మీ మైంతీ దేవి? పెట్టె పట్టుకొని బస్సు దిగుతదట గద" అని ఎకసెక్కాలు. నవ్వేటోళ్లు నవ్వుతుండ్రు, జాలి పడేటోళ్లు పడుతుండ్రు. జాలి పడేటోళ్ల మీదనే నాకు కోపం ఎక్కువ.

మా అత్త మాత్రం, "నా కొడుకు గసోంటోడు కాదు" అన్నది. కొంచెం సేపు ఆలోచన చేసి, "ఒకేళ వస్తే రానియ్యి. నా కొడుకు తెచ్చుకున్నదైతే దానికి సుత ఇంత గట్క పోస్త. నువ్వు మాత్రం ఏడికి పోవద్దు" అన్నది. నేను ఆమె మీద సుత లేచిన. "ఆమెకు గట్క పోసుడేంది? నువ్వు నమ్మినట్టే గద!" అని. ఆమె ఏం చేస్తది పాపం, కొడుకును పోగొట్టుకున్న ముసల్ది.

నిజం చెప్పాలంటే నేను సుత నమ్మిన. ఒక్కనాడు పేరు పెట్టి పిలువలే, ఒక్క కార్డుల నా ముచ్చట రాయలే. ఎందుకో ఇప్పుడు తెలిసింది అనుకున్న. ఆ ఖాకీ బట్టల పెట్టెను తీసుకపోయి కొట్టంల పశువుల కాడ పడేసిన. బతికున్నోని మీద కోపం వస్తే కొట్లాడొచ్చు, అలగొచ్చు, తల్లిగారింటికి పోవచ్చు. చచ్చినోని మీద కోపాన్ని ఏడ తీర్చుకోవాలె? ఎవలన్న చెప్పుండ్రి.

మూడు దినాలైనంక ఆ టపా ఆయననే మళ్ల వచ్చి, "కరీంనగర్‌ల సిపాయిల దఫ్తరు ఉన్నదట చెల్లె. ఫౌజుల పోయినోళ్ల పెండ్లాం పిల్లలకు ఏమేం వస్తయో ఆడ చెప్తరు. ఊకె కూసుంటే ఏమొస్తది, పోయి అడుగు" అన్నడు. అత్తను తోలుకొని బస్సు ఎక్కిన.

దఫ్తరంటే పెద్ద బంగళా అనుకున్నం. పెంకుటింట్ల ఒక అర్ర. ఒక మేజ, కొన్ని రంగుపోయిన ఇనుప కుర్చీలు, గోడకు నెహ్రూ పటం. మేజ ఎనుక తెల్ల మీసాల ముసలాయన, ఒకప్పుడు సుబేదారు. కరీంనగర్ తురకాయన, తెలుగు మాలెక్కనే మాట్లాడుతడు, ఉర్దూ కలిపి. మా అత్తను "మా" అన్నడు, నన్ను "బేటీ" అన్నడు, ముందుగాల ఇద్దరికి మంచినీళ్లు ఇప్పించిండు.

"మొగని పేరు చెప్పు బేటీ."

నేను తల వంచుకున్న. అత్త దిక్కు చూసిన. అత్త చెప్పబోతుంటె ఆయన నవ్వి, మేజ కింది నుంచి ఒక పలక, బలపం తీసి నా ముంగట పెట్టిండు. "ఈడికొచ్చే ఆడోళ్లందరు గిట్లనే. రాయొచ్చినోళ్లు రాస్తరు, రానోళ్లు పక్కోళ్లతోటి చెప్పిస్తరు. రాయి, ఫికర్ లేదు." నేను రాసిన. నా అక్షరాలు చూసి కండ్లద్దాలు సక్కగ పెట్టుకున్నడు. "ఎంత చదివినవు?" అంటే ఏడు అన్న, సంచిలకెళ్లి సర్టిఫికెట్ తీసి పెట్టిన. ఎందుకు తెచ్చిన్నో నాకే తెలువదు, పరువు కోసం కావచ్చు.

అప్పుడు ఆయన చెప్పిండు. సిపాయి పెండ్లానికి పింఛను ఉంటది. కుట్టుమిషను ఇస్తరు. పిల్లలుంటే బడి ఫీజు మాఫీ. "నీకు పిల్లలు లేరు. నువ్వు ఏడు పాసైనవు. నీకు నేను చెప్పేది వేరే. పంతులమ్మ ట్రైనింగుల సిపాయిల ఆడోళ్లకు సీట్లు తీసి పెట్టిండ్రు. వానకాలం బడులు తెరిచేటాలకు కాగితం పంపితే నీకొక సీటు. రెండేండ్లు చదువు, తర్వాత నౌకరి. ఎవలి చాటల గింజలకు చెయ్యి చాపే పని లేదు."

నేను, పంతులమ్మ! ఆ ముచ్చట మా ఆయన బతికుండంగ చెప్తే ఎంత సంబురపడుతుండెనో అని ముందుగాల అనుకున్న, అంతట్లనే మైంతీ దేవి యాదికొచ్చి పండ్లు కొరికిన. లిఫాఫ తీసి సుబేదారు సాబు ముంగట పెట్టిన.

చదివి, నా సర్టిఫికెట్ పక్కకు పెట్టి చూసిండు. "బేటీ, సర్టిఫికెట్ల ఒక పేరు, ఫౌజు కాగితంల ఇంకొక పేరు. పింఛనైనా సీటైనా పెండ్లానికే ఇస్తరు. పెండ్లాం ఎవలో ఫౌజు కాగితమే చెప్పాలె. నేను వాళ్లకు రాసి అడుగుత, మొదటి రిజిస్టర్ల ఏమున్నదో" అన్నడు. అత్త అక్కడనే కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. నేను కుర్చీల బిగుసుక కూసున్న. మా ఆయన పెండ్లాన్ని నేనేనా కాదా, ఎక్కన్నో ఉన్న ఒక పుస్తకం చెప్పాలెనట!

రెండు నెలలు గడిచినయి. నడిమిట్ల తల్లిగారోళ్లు వచ్చి "మా ఎంబడి రా" అన్నరు, తోటికోడలు నా బట్టలు సదరనే మొదలుపెట్టింది. "సీటు సంగతి తేలేదాక నేను ఈ గడప దిగ" అన్న. ఎండలు ముదురుతుండంగ దఫ్తరు నుంచి కబురొచ్చింది, రమ్మని. మళ్ల ఇద్దరం పోయినం.

రిజిస్టరు నకలు వచ్చిందట. అండ్ల సుత అదే పేరు. సుబేదారు సాబు మొకం చిన్నగ చేసుకొని, "జర కూసో బేటీ, ఈయన పని చూసి నీతోటి మాట్లాడుత" అన్నడు. మేజ ముంగట ఒక రైతు నిలవడి ఉన్నడు, ఎన్నడో ఫౌజుల చేసి వచ్చినోడు, ఏదో దరఖాస్తు కోసం వచ్చిండు. నేను గోడకు ఆనుకొని కూసున్న. ఇగ అయిపోయింది, తెల్లారి తల్లిగారింటికి పోవుడే అనుకుంటున్న.

"ఘర్‌వాలీ పేరు?" అని సాబు కలం పట్టుకొని అడిగిండు.

రైతు రుమాలు సదురుకున్నడు. కాలి బొటనవేలితోటి నేల గీరిండు. "మా ఇంటిది, సాబ్" అన్నడు.

"అరె, మీ ఇంటిదని నాకెర్కే. పేరు చెప్పు!"

"గదే సాబ్. మా ఇంటిది."

నాకు ముందుగాల నవ్వొచ్చింది. మా దిక్కు మొగోళ్లందరు గంతే, పెండ్లాం పేరు నలుగుట్ల చెప్పరు. మా ఇంటిది ఊరికి పోయింది, మా ఇంటిదానికి జెరమొచ్చింది. మా ఆయన సుత బయట గట్లనే... అనుకుంటుండంగనే నా ఈపుల సల్లగైంది. మా ఇంటిది. గబగబ అంటే మాయింటిది, మైంటిది. ఇంగ్లీషుల ట అన్నా త అన్నా ఒక్కటే అక్షరమని బడిల చెప్పిండ్రు. మైంటిది, మైంతిదీ, మైంతీ దేవి!

"సాబ్!" అని లేసి నిలవడ్డ. అర్రంత అదిరింది. రైతు బెదిరి ఒక అడుగు ఎనుకకు వేసిండు. "సాబ్, గది నేనే! మైంతీ దేవి నేనే! మా ఇంటిది అని చెప్పిండు సాబ్, నా పేరు చెప్పనీకె సిగ్గయి, మా ఇంటిది అని చెప్పిండు!"

సాబు కండ్లద్దాలు తీసిండు. నకలును మొకం దగ్గర పెట్టుకొని పెదవులతోటి చదివిండు. ఒకసారి, రెండుసార్లు. "యా అల్లా" అని కుర్చీల ఎనుకకు వాలి, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. నేను నవ్వుతున్ననా, ఏడుస్తున్ననా నాకు తెలుస్తలేదు. మా ఆయన పోయినంక నేను ఏడ్చిన మొదటి ఏడుపు అదే. మా అత్తకు అర్థం కానీకె జర సేపు పట్టింది. అర్థమైనంక, "చూసినవా, నా కొడుకు గసోంటోడు కాదని నేను మొదలే చెప్పలే?" అని నన్నే కసిరింది. గట్క పోస్తనన్న ముచ్చట నేను యాది చేయలే.

నవ్వినంక సాబు మళ్ల దఫ్తరు మనిషైండు. "నేను నమ్మిన బేటీ. కాగితం నమ్మాలె గద. నీ మొగనితోటి భర్తీ అయినోడు, ఆ మాట చెవులార విన్నోడు ఎవడన్న ఉన్నడా?"

ఉన్నడు. ఇచ్చోడ దిక్కు మనిషి, మా ఆయన సెలవుకొచ్చినప్పుడు ఆయన ముచ్చటనే చెప్తుండె, ఇద్దరు ఒక్కదినమే భర్తీ అయిండ్రని. కాలు మీద రాయి పడి నౌకరి పోయి ఇంటికొచ్చిండని సుత విన్నం. బడులు తెరిచేటందుకు ఎక్కువ దినాలు లేవు. నేను, అత్త అటునుంచి అటే బస్సెక్కి, గోదారి దాటి, నిర్మల్ల ఇంకో బస్సు మారి, ఘాటు రోడ్డు ఎక్కి, అడుగుకుంట అడుగుకుంట ఇచ్చోడ చేరినం. రోడ్డుకు జర లోపట ఆయన ఇల్లు. కర్ర పట్టుకొని వాకిట్లకు వచ్చిండు. ఆయన తెలుగుల మరాఠీ కలిసి ఉంటది. మేము ఎవలమో చెప్పంగనే కర్ర పక్కకు పెట్టి మా అత్త కాళ్లు మొక్కి, "ఆయీ" అన్నడు. నన్ను "వైనీ" అన్నడు, వదిన అన్నట్టు.

మైంతీ దేవి అనే పేరు చెప్పంగనే ఆయన నెత్తి కొట్టుకున్నడు.

"ఆడనే ఉన్న వైనీ, ఆయన ఎనుకనే నిలవడ్డ! రాసేటోడు ఉత్తరాది గుమాస్తా. బీవీ కా నామ్ అన్నడు. మీ ఆయన నేల చూపులు. మళ్ల అడిగిండు, మళ్ల నేల చూపులు. మూడోసారి వాడు గదుమంగనే మా ఇంటిది అన్నడు. వాడు మైంతి, మైంతి అనుకుంట రాసి, దేవీ? అన్నడు. ఈయన తప్పించుకుంటే చాలని ఔ ఔ అని తల ఊపిండు. నాకు నవ్వాగలే. బయటికొచ్చినంక అడిగిన, ఎందుకు భావూ, పేరు చెప్తే ఏం పోతుండె అని." ఆయన నా దిక్కు చూసిండు. "ఏమన్నడో చెప్పాల్నా? అంతమంది మొగోళ్లు బనీన్ల మీద నిలవడ్డ కాడ దాని పేరు తీసుడు నాకు మనసొప్పలే అన్నడు. దాని పేరు మంచి పేరు అన్నడు."

నా పేరు మంచి పేరు. నేను మా ఆయనతోటి ఎన్నిసార్లు అన్ననో ఆ మాట, అలిగి, కసిరి! విన్నడు అన్నమాట. ఒక్కసారన్న విన్నట్టు తల ఊపలే దొంగ సచ్చినోడు. నేను కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్న. ఆయన మీద కోపమంత ఆ వాకిట్లనే పోయింది, ఇగ ఎన్నడు రాలే.

అత్త మాత్రం ఊకుంటదా? "మరి నువ్వేం చెప్పినవు బిడ్డా, నీ పెండ్లాం పేరు?" అని అడిగింది. ఆయన గదవ గోక్కున్నడు. "నేను సుత... 'ఆమె' అన్న ఆయీ."

"ఏమని రాసిండు?"

"ఆమె బాయి అని. మా దిక్కు ఆడోళ్ల పేరుకు బాయి తగిలిస్తరు గద."

లోపట రొట్టె చేస్తున్న ఆయన పెండ్లాం పీట మీది నుంచి లేసి వచ్చింది. పిండి చేతులతోటే నడుముకు చేతులు పెట్టుకొని, "నేను ఆమె బాయినా?" అన్నది. ఆ ఇంట్ల ఆ పూట జరిగిన పంచాయితీ చెప్తే ఒడువది. తెల్లారి ఆయన మా ఎంబడి కరీంనగర్ వచ్చిండు, ఆయన ఎంబడి ఆమె వచ్చింది. "నువ్వు బతికుండంగనే నా పేరు సక్కగ రాయించు, తర్వాత నేను బస్సులెంట తిరుగలేను" అన్నది మొగనితోటి. తెలివిగల్లది.

ప్రమాణపత్రం తహసీలుల ఇయ్యాలె. ఇచ్చోడ ఆయన సాక్ష్యం చెప్పిండు, అత్త చెప్పి వేలిముద్ర వేసింది. నా వంతు వచ్చింది. తహసీల్దారు మర్యాదగల మనిషే, గని కాయిదా తప్పని మనిషి. "నువ్వు ఎవరి భార్యవు?" అన్నడు. నేను అలవాటుగ చెయ్యి చాపిన, కలం ఇయ్యుమని. ఆయన అడ్డంగ తల ఊపిండు. "రాసుడు కాదమ్మా. ప్రమాణం నోటితోనే చెయ్యాలె. చెప్పు."

నా నోరు తెరుచుకోలే. ఆయన మళ్ల అడిగిండు. నేను నేల చూస్తున్న. కాలి బొటనవేలితోటి నేల గీరుతున్న. అప్పుడు తెలిసింది నాకు, భర్తీ కాడ ఆయన ఎట్ల నిలవడి ఉండెనో. అచ్చంగ గిట్లనే.

మా అత్త ఎనుకకెళ్లి వచ్చి నా ఈపు మీద చెయ్యి పెట్టింది. "చెప్పు బిడ్డా. వాడు చెప్పక గింత కథైంది. నువ్వన్న చెప్పు."

చెప్పిన. ఆయన పేరు, ఇంటిపేరుతోటి, గట్టిగ, కచ్చేరంత వినవడేటట్టు చెప్పిన. అన్నేండ్లు మింగిన పేరు నోట్లకెళ్లి బయటికొచ్చేసరికి ఆయననే వచ్చి నా పక్కపొంటి నిలవడ్డట్టయింది. తహసీల్దారు రాసుకొని, "సరే" అని ఇంకో కాగితం తీసుకున్నడు. ఆయనకేం తెలుసు.

కాగితాలు పంపేటప్పుడు సుబేదారు సాబు అడిగిండు, "ఆ మైంతీ దేవిని కొట్టేసి నీ పేరు ఒక్కటే పెట్టుమని రాయాల్నా బేటీ? లేకపోతే ఉరఫ్ అని రెండు పేర్లు ఉంచుతరు" అని. నేను ఆలోచన చేయలే. "రెండు ఉండని సాబ్" అన్న. మా ఆయన నన్ను లోకం ముంగట పిలిచిన పిలుపు అదొక్కటే, సర్కారు కాగితం మీద ఉన్నది. దాన్ని నా చేతులతోటి నేను కొట్టేయిస్తనా? సాబు రెండు పేర్లు రాసుకున్నడు. "అయితే ఒక పని చెయ్యి, జవాబు వచ్చేదాక వారానికొకసారి వచ్చి ఈ దఫ్తర్ల కూసో. ఆడోళ్లు నాతోటి చెప్పని పేర్లు నీతోటి చెప్తరు" అన్నడు. కూసున్న. ఫారాలు నింపిన. ఒకల కాగితంల 'ఇంట్లామె' దొరికింది, ఇంకొకల దాంట్ల 'పోరగాండ్ల తల్లి' దొరికింది. పలక ముంగట పెట్టి ఒక్కొక్కల అసలు పేరు రాసుకుంటుంటె నాకు భలే సంబురమయ్యేది.

బడులు తెరిచే ముందు వారం, వాన పడి ఆగింది. నేను వాకిట్ల చింతపండు గింజ తీస్తున్న, అత్త అరుగు మీద కూసున్నది. కొట్టంల నుంచి ఎప్పుడో తెచ్చి తుడిచి పెట్టిన ఆయన పెట్టె అర్రల ఉన్నది. నేను ట్రైనింగుకు పోతే నా బట్టలు దాంట్లనే తీసుకపోతనని చెప్పి పెట్టిన.

సైకిలు గంట వినవడ్డది. టపా ఆయన ఈసారి లిఫాఫను అటు ఇటు తిప్పి చూడలే. వాడ మలుపు కాడి నుంచే, ఊరంత వినేటట్టు, నవ్వుకుంట ఒర్రుతుండు.

"మైంతీ దేవమ్మా! ఓ మైంతీ దేవమ్మా!"

తోటికోడలు లోపటి నుంచి తొంగి చూసింది. నా చేతులకు చింతపండు, కూసున్న కాడనే ఉన్న. మా అత్త కట్టెతోటి నా కాలు మీద మెల్లగ తట్టింది.

"పోవే," అన్నది, "నీ మొగడు పిలుస్తుండు."

"వస్తున్న, జర ఆగు" అనుకుంట కొంగుకు చేతులు తుడుచుకొని ఉరికిన.